తొమ్మిదో ప్రశ్న

తొమ్మిదో ప్రశ్నకు ‘లేదు’ అని రాసి బస్సెక్కాను. ‘అక్కడ ఉన్న కాలంలో మీరు స్వయంగా ఎవరికైనా ఫోన్ చేసి మోసగించారా?’ అన్నది ఆ ప్రశ్న. నిన్న సాయంత్రమే శ్రీనాథ్, విడిపించాక మమ్మల్ని ఉంచిన శిబిరంలో, మా పదకొండు మంది తెలుగువాళ్లనూ ఒక్కొక్కరినే కలిసి చెప్పిపోయాడు. “అందరం ఒక్కటే రాయాలె అక్కా. మనం టైపింగ్ చేసినం, అంతే. ఒక్కరు తేడా రాసినా అందరి మీదికొస్తది.” కరీంనగర్ వైపు మనిషి, హోటల్లో ఉద్యోగమంటే నమ్మి వచ్చినవాడు, చెవి వెనక కరెంటు కర్ర కాల్చిన మచ్చ ఇంకా పోలేదు. ఆ మచ్చను చూస్తూ కాదని ఎట్లా అనను? ఆరేళ్లు పోటీ పరీక్షలు రాసిన చెయ్యి, తెలియని ప్రశ్నకు తెలిసినట్టుగా జవాబు రాయడం దానికి అలవాటే. తెలిసిన ప్రశ్నకు తెలియనట్టు రాయడం మాత్రం ఇదే మొదటిసారి, అదీ సులువుగానే వచ్చింది. ఇప్పుడు బస్సు కొండలు దిగుతోంది. నది, నది అవతలి దేశంలో మమ్మల్ని బంధించి ఉంచిన గోడలు, గోడల మీది ఇనుప ముళ్లు అన్నీ వెనకబడ్డాయి. మే సొత్ నుంచి బ్యాంకాక్ దాకా పగలంతా రోడ్డే, ఆ తర్వాత విమానం, ఆ తర్వాత హైదరాబాద్. ఇంటికి పోతున్నాం, ఇంటికి పోతున్నాం అని వెనక సీట్లో ఎవరో పాటలా అంటున్నారు. మలుపు తిరిగినప్పుడల్లా నా లోపల ‘లేదు’ అన్న మాట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లుతోంది.

ఎనిమిది నెలల కింద ఇదే రోడ్డు మీద అటు పోయాను. అప్పుడు ఏమీ చూడలేదు, వ్యానులో నిద్రపోయాను, కొత్త ఉద్యోగానికి పోతున్న మనిషి పోయే హాయి నిద్ర. డ్రైవరు ఒక చోట ఆపి నీళ్ల సీసా ఇచ్చి నవ్వాడు. తెలిసి నవ్వాడో, తెలియక నవ్వాడో. ఇప్పుడు చూస్తుంటే ఈ దేశం శుభ్రంగా ఉంది, నా కళ్లకు కోపమొచ్చేంత శుభ్రంగా. చెరకు లారీలు, కర్రపెండలం చేలు, ఇంకా చేలు, మధ్యలో తలకు గుడ్డ చుట్టుకుని వంగి పనిచేస్తున్న ఆడవాళ్లు. బోర్డుల మీద అక్షరాలు తెలుగు అక్షరాలు నిద్రలో కనబడ్డట్టుంటాయి, చదవొచ్చేమో అనిపిస్తుంది, చదవబోతే జారిపోతాయి. ప్రతి ఇంటి ముందూ ఒంటి స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి, దాని ముందు ఎర్రని కూల్‌డ్రింకు సీసా, మూత తీసి స్ట్రా కూడా వేసి పెట్టారు. ఆ స్థలానికి ఒక దేవత ఉంటుందట, మనం వచ్చి ఇల్లు కట్టుకుని ఆమెను ఇబ్బంది పెట్టాం కాబట్టి ఆమెకో చిన్న ఇల్లు కట్టివ్వాలట. వీణ గారు చెప్పారు. ఆమె ముందు సీట్లో కూర్చున్నారు. మన ప్రభుత్వం తరఫున వచ్చిన అధికారికి తెలుగు రాదు, అందుకని బ్యాంకాక్‌లో పదేళ్లుగా కాపురముంటున్న ఈ ఏలూరు ఆవిడను మాకోసం పిలిపించారు. ఫారాలు ఆమే చదివి చెప్పారు, ఆమే నింపించారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర నా ముఖం వైపు చూడలేదు. చూడకపోవడం మర్యాద అనుకున్నారేమో.

స్థలానికి దేవత. కవాడిగూడ బస్తీలో మా రేకుల గదికి ఏ దేవత ఉండి ఉంటుంది? ముగ్గురం పడుకుంటే నాలుగో మనిషికి చోటు లేని గది. కోస్గి దగ్గరి ఊరి నుంచి నేను మూడో తరగతిలో ఉండగా వచ్చాం, నాయన కురుమయ్య పరంజీ మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నది ఆ మరుసటి ఏడే, అప్పటినుంచి అమ్మ ఆశమ్మ ఒక్కతే ఇటుకలు మోసింది. డిగ్రీ అయ్యాక నేను అశోక్‌నగర్ హాస్టల్లో చేరాను. అమ్మ ఉన్న చోటికీ హాస్టలుకీ నడిస్తే ఇరవై నిమిషాలు. చదువుకోవడానికి చోటు చాలదు అన్నాను, అది సగం నిజం. మిగతా సగం, హాస్టల్లో ఎవరూ నా ఇల్లు ఎక్కడని అడగరు, మా అమ్మ ఏం చేస్తుందని అడిగితే ఊళ్లో పొలం పనులు అని చెప్పొచ్చు. నారాయణగూడ చౌరస్తా దగ్గర పొద్దున్నే కూలీల అడ్డా ఉంటుంది. ఒకరోజు స్వరూపతో కలిసి కోచింగు క్లాసుకు పోతున్నాను. స్వరూప నా గదిలో ఉండే పిల్ల, వాళ్ల నాన్న టీచరు. అడ్డా మీద తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చున్న అమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. ముఖమంతా నవ్వు. నేను ఫోన్ చూసుకుంటూ నడిచిపోయాను. ఆ వారం ఇంటికి పోతే అంది, “మొన్న పొద్దుగాల నిన్ను జూసిన బిడ్డా. తొందర మీదుంటివి గద, పిలువలే.” తొందర మీద ఉన్నానట. సాకు వెతుక్కునే పని కూడా నాకు పెట్టలేదు.

ఆ సంగతి తెలిసినవారు ఒక్కరే, రామచంద్రరావు సార్. నేను చెప్పలేదు, ఆయనే చూశారు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు, చిక్కడపల్లి మార్కెట్ వెనక పాత అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. రోజూ సెంట్రల్ లైబ్రరీకి పేపర్లు చదవడానికి వచ్చి, సాయంత్రం ఆవరణలో చెట్టు కింద నలుగురైదుగురం రాసిన వ్యాసాలు దిద్దేవారు. ఫీజు లేదు, చాయి కూడా తాగరు, ఎర్ర పెన్ను మాత్రం ఆయనదే. దిద్దిన కాగితాలు తిరిగి ఇవ్వరు, కట్ట కట్టి ఇంట్లో పెట్టుకుంటారు. ఎందుకు సార్ అంటే “మీరు పెద్ద ఆఫీసర్లయినంక చూపిచ్చి సిగ్గు తీయాలె గద” అనేవారు. ఒకరోజు అందరూ పోయాక నన్ను ఆపి అన్నారు, “నర్మదా, అడ్డా మీద నిలబడేది మీ అమ్మగారేనా? నీ నడక, ఆమె నడక ఒక్కతీరు ఉంటయి. ఈ అశోక్‌నగర్ల హాస్టళ్లన్ని అసొంటి తల్లులు మోసిన ఇటుకలే. దాచుడెందుకమ్మా?” వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయన ఏమీ జరగనట్టు నా వ్యాసం దిద్ది, కింద ‘బాగుంది’ అని రాసి, “నిన్ను మేడమ్ అని పిలిచే దినం చూడాలమ్మా నేను” అన్నారు. పరీక్ష ఒకసారి రద్దయింది, ధర్నాకు పోయాం, తిట్టాం. మళ్లీ రాశాం, మళ్లీ రద్దయింది, మళ్లీ తిట్టాం. మూడోసారి రద్దు కాలేదు, నాకు ఉద్యోగం రాలేదు. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. అప్పుడే జిరాక్స్ షాపు గోడ మీద కాగితం చూశాను, థాయిలాండులో డేటా ఎంట్రీ, తెలుగు, ఇంగ్లీషు వస్తే చాలు. సార్‌కి చెప్పలేదు. వద్దంటారని కాదు. ‘ఏ కంపెనీ? అడ్రసు చూపియ్యి’ అంటారని. అడ్రసు అడగని మనుషులకే చెప్పి వచ్చాను.

తాక్ ఊరు దాటాం. కొండలు అయిపోయి నేల చదునైంది, రోడ్డు గీత గీసినట్టుంది. నా పక్క సీటు ఖాళీ. నేను చేతులు చూసుకుంటున్నాను. మేము నది దాటిన రోజు పాస్‌పోర్టులు తీసుకున్నారు, పెద్ద హాలులో వరసగా బల్లలు, బల్లకో నాలుగు ఫోన్లు. మొదటి రెండు వారాలు చేయనన్నాను. ఎండలో నెత్తి మీద నీళ్ల డబ్బా పెట్టి నిలబెట్టారు, అమ్మ పొద్దంతా మోసే బరువు కంటే అది తక్కువే, అయినా నేను మధ్యాహ్నానికి పడిపోయాను. రెండోసారి కరెంటు కర్ర చూపించారు. చూపించారంతే, నాకు తగిలించలేదు. శ్రీనాథ్‌కి తగిలించారు, నాకు చూపిస్తే చాలింది. తర్వాత నా గొంతు వాళ్లకి నచ్చింది. హాస్టల్ బాత్రూమ్ అద్దం ముందు ఇంటర్వ్యూ కోసం సాధన చేసిన గొంతు, జిల్లా అధికారి గొంతు, పుస్తకం తెలుగు. దానికి ఇన్‌స్పెక్టర్ వందన అని పేరు పెట్టారు. మీ ఆధార్ మీద ఒక పార్సిల్ పట్టుబడిందండి. మీరు ఫోన్ కట్ చేయడానికి వీల్లేదండి. ఎవరితోనైనా మాట్లాడితే వాళ్లని కూడా అరెస్టు చేయాల్సి ఉంటుందండి. అవతల గొంతు వణికేది. మేడమ్, మేడమ్ అనేవాళ్లు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది, శిబిరంలో కౌన్సెలింగ్ చేసిన అమ్మాయికి కూడా చెప్పలేదు. భయపడి మొదలుపెట్టాను, నిజమే. కానీ రెండో నెల చివర, ఒక మనిషి అటువైపు ఏడుస్తూ ‘మీరు చెప్పినట్టే చేస్తాను మేడమ్’ అన్నప్పుడు, నా వీపు దానంతటదే నిటారైంది. ఆరేళ్లు ఎవరూ నన్ను అట్లా పిలవలేదు. నాకు బాగుండింది.

నాలుగో నెలలో మా హాలు మీద పెత్తనం చేసే లీడరు కొత్త నియమం పెట్టాడు, ఎవరి ఫోనులో ఉన్న నంబర్లు వాళ్లు ఇవ్వాలి, ఒంటరిగా ఉండేవాళ్లవి, పెన్షన్ వచ్చేవాళ్లవి. నేను మొదట హాస్టల్ ఓనరుది ఇచ్చాను, కోచింగ్ సెంటర్లో మమ్మల్ని కసిరే మేనేజరుది ఇచ్చాను, కోపమున్నవాళ్లవి ఇస్తున్నప్పుడు పాపం అనిపించలేదు. ఆ ఇద్దరూ ఫోను పెట్టేశారు, లీడరుకు సరిపోలేదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు కావాలన్నాడు. రామచంద్రరావు సార్ అని నా ఫోనులో తెలుగులో రాసి ఉంది. నేనే చదివి చెప్పాను. వేరే ఎవరో చేస్తారులే అనుకున్నాను, తెలుగువాళ్లం పదకొండు మందిమి ఉన్నాం గదా. లీడరు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీదే పెట్టాడు. ఆయనతో ఆ ఫోను రెండు రోజులు నడిచింది. మావైపు వీడియోలో యూనిఫామ్ వేసుకున్న ఒక మగమనిషి కూర్చున్నాడు, మాట్లాడింది నేను. ఆయన ఫోను బల్లకు ఆనించి పెట్టుకున్నారు, నేను చెప్పినట్టే. వెనక గూట్లో మా వ్యాసాల కట్టలు కనబడుతున్నాయి. కింద మార్కెట్లో కూరగాయల వాళ్ల అరుపులు వినబడుతున్నాయి, టమాట టమాట అని, నాకు తెలిసిన అరుపులు. గొంతు ఇంకా పైకి ఎత్తి మాట్లాడాను. మొదటి రోజు మధ్యాహ్నం ఒకసారి ‘జర ఆగండి’ అన్నాను. ఇన్‌స్పెక్టర్ వందన జర అనదు. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఫోను వైపు చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు, “మీరు అన్నం తిన్నరా మేడమ్?” అది మీకు అనవసరమండి అన్నాను. “అట్లనే మేడమ్. టైముకు తినుండ్రి మేడమ్,” అన్నారు. భయంలో చాలామంది మంచి చేసుకోవాలని చూస్తారు, ఇదీ అంతే అనుకున్నాను. మరుసటి రోజు పొద్దున బ్యాంకుకు పోయి, దాచుకున్నదంతా మేం చెప్పిన చోటికి పంపారు. పెద్ద మొత్తం పడితే హాల్లో డప్పు కొట్టేవాళ్లు. నాకోసం కొట్టారు. ఆ పూట నాకు కోడి కూర పెట్టారు. తిన్నాను.

కాంఫెంగ్ ఫెట్ దగ్గర పెట్రోలు బంకులో బస్సు ఆపారు. వేలెడంత అరటిపళ్లు గెలలుగా వేలాడదీసి అమ్ముతున్నారు, వీణ గారు ఒక అత్తం కొని అందరికీ పంచారు. తర్వాత తన ఫోను తీసి ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు ఇంటికి మాట్లాడమన్నారు. శిబిరం నుంచి మేం బతికున్నామని కబురు మాత్రమే పోయింది, గొంతులు వినడం ఇదే మొదలు. శ్రీనాథ్ మాట్లాడుతూ నేల మీద కూర్చుండిపోయాడు. నా వంతు వచ్చింది. నాయన ఎత్తుతాడనుకున్నాను, అమ్మే ఎత్తింది, వెనక సిమెంటు కలిపే మిషను చప్పుడు.

“అమ్మా, నేను.”

“ఎవలు?”

“నర్మదను.”

మిషను చప్పుడు దూరమైంది, పక్కకు నడిచినట్టుంది. తర్వాత, “ఏడున్నవ్ బిడ్డా? బస్సెక్కినవా? పానం మంచిగున్నదా? కొట్టిండ్రా?”

“మంచిగనే ఉన్న. రేపు వస్తున్న.”

“ఎరుకే. సారు చెప్పిండు. సారు లేకుంటే నువ్వేడుంటివో నేనేడుంటినో. ఆఫీసుల పొంటి తిరిగి తిరిగి ఆయన చెప్పులరిగినయ్. అర్జీలన్ని ఆయనే రాసిండు.”

“ఏ సారు?” అన్నాను, తెలిసి.

“ఇంగే సారు? రామచంద్రరావు సారు. నీ మీద నాకు కోపమున్నది బిడ్డా. ఒక్క ఫోను చేస్తందుకు దొరికితే తల్లికి చేయకపోతివి, సారుకు జేస్తివి. పోనీలే, బతికున్నవన్న సంగతి ఆయనే వచ్చి చెప్పిండు. మొత్తుకుంట కూసున్నదాన్ని, ‘ఆశమ్మా, నర్మద నాతోని మాట్లాడింది, గొంతు నేను గుర్తువట్టిన, అన్నం తింటున్నదట’ అన్నడు. గా నంబరు, గా టైము అన్ని రాసుకోని పోలీసులకిచ్చిండు. పాపం, ఏం కష్టమొచ్చెనో, ఇల్లమ్ముకుండు. మన బస్తీ పక్కనే ఒక్క అర్ర కిరాయికి తీసుకుండు. ఎందుకమ్మిండ్రు సారూ అంటే ముసలోనికి అంత ఇల్లెందుకు ఆశమ్మా అంటడు. విమానం కాడికి నాతోని ఆయన గూడ వస్తుండు. కొత్త అంగీ ఇస్త్రీ చేపిచ్చుకుండు నీకోసం.”

“అమ్మా,” అన్నాను.

“ఏంది?”

“ఏం లేదు.”

“అరటిపండు తినండమ్మా, కళ్లు తిరుగుతాయి,” అంటూ వీణ గారు ఫోను తీసుకున్నారు. బస్సు మళ్లీ కదిలింది.

ముందు అడిగారా, తర్వాత పంపారా? ముందు అడిగారు. అన్నం తిన్నరా అని మొదటి రోజు మధ్యాహ్నం, బ్యాంకుకు పోయింది రెండో రోజు పొద్దున. మధ్యలో ఒక రాత్రి ఉంది. తెలిసే పంపారు. కాదు, భయపడి పంపారు, అందరూ భయపడతారు. కాదు, ‘జర’ అన్న మాట దగ్గర కళ్లజోడు తుడుచుకున్నారు. పంపకపోతే నన్నేం చేస్తారో అనుకున్నారా? డబ్బు పడితే నన్ను వదిలేస్తారనుకున్నారా, విడిపించుకుంటున్నాననుకున్నారా? అయితే నేను ఆయన్ని మోసం చేయలేదు, ఆయనే ఇచ్చారు. చూడు, మనసు ఎంత తొందరగా వాదన తయారుచేస్తుందో, ఎక్కడ దొరికితే అక్కడ కాలు పెడుతుంది. వరి చేలు, మళ్లీ వరి చేలు, నీళ్లలో తెల్ల కొంగలు, ఒక ముసలి సన్యాసి గొడుగు వేసుకుని రోడ్డు పక్కన నడుస్తున్నాడు. రేపటి సంగతి నాకు కళ్ల ముందు కనబడుతోంది. విమానాశ్రయం తలుపులు తెరుచుకుంటాయి, అమ్మ పరుగెత్తుకొస్తుంది, వెనక ఆయన ఇస్త్రీ అంగీతో నిలబడి ఉంటారు. అమ్మ అంటుంది, సారు కాళ్లు మొక్కు బిడ్డా. నేను మొక్కాలి. ఆయన లే నర్మదా అంటారు. ఎవరికీ ఏమీ చెప్పరు, అదే ఆయన పద్ధతి, నా వ్యాసంలో తప్పుల్ని కూడా పెద్దగా చదివేవారు కాదు. ఆ తర్వాత రోజూ అమ్మ ఆయన గదికి కూర గిన్నె పంపుతుంది, నా చేతికిచ్చి. ఆయన ఆ ఒక్క గదిలో గిన్నె అందుకుంటారు, ఖాళీ గిన్నె కడిగి ఇస్తారు. అమ్మ నలుగురిలో చెప్పుకుంటుంది, సారంటే మా పిల్లకు పానం అని. అట్లా ఎన్నేళ్లు? ఆయన క్షమించడం నాకు వద్దు. ఆయన తిడితే బాగుండు. ఫోనులో ఒక్కసారి ‘నువ్వు నర్మదవు గదా, సిగ్గులేదా’ అని ఉంటే, లీడరు నన్ను కొట్టి ఉండేవాడు, నేను దెబ్బలు తిని ఉండేదాన్ని, మేమిద్దరం సమానంగా ఉండేవాళ్లం.

నఖోన్ సవాన్‌లో పోలీసు ఆఫీసు ముందు ఆఖరి కాగితాల కోసం బస్సు ఆగింది. ఫారాల కట్ట పట్టుకుని దిగుతున్న వీణ గారి వెనక దిగి, మెట్ల దగ్గర ఆపాను.

“మేడమ్, నా తొమ్మిదో ప్రశ్న మార్చాలె.”

ఆమె కట్టలోంచి నా ఫారం వెతికి తీశారు. “ఏంటమ్మా, ఇప్పుడా? సంతకాలు కూడా అయిపోయాయి.”

“ఫోన్లు చేసింది నేనే. చాలామందికి.”

“మీ చేత బలవంతంగా చేయించారు కదా.”

“మొదట బలవంతంగనే.”

ఆమె లోపలికి పోయి అధికారితో మాట్లాడి వచ్చారు. ముఖం మారిపోయింది. “మారిస్తే మీరు ఈ బస్సులో రావడం కుదరదట. ఇక్కడి పోలీసులు విడిగా విచారిస్తారు, వాంగ్మూలం తీసుకుంటారు. ఎన్ని వారాలో, నెలలో చెప్పలేమంటున్నారు. మన దగ్గరికి వెళ్లాక కూడా కేసు ఉంటుంది. ఆలోచించుకోండి. మీరేం చెప్పలేదనుకుంటాను, వెళ్లి కూర్చోండి.”

కిటికీలోంచి చూస్తున్న శ్రీనాథ్ దిగి వచ్చాడు. “ఏం జేస్తున్నవక్కా?”

“నా సంగతి నేను రాస్తున్న. నీ పేరు రాయ.”

“ఒక్కదాని సంగతి రాస్తే మిగిలినోళ్లని అడుగరా? నీకు మనసు తేలికవడాల్నని మమ్మల్ని ముంచుతవా? మా ఇంట్ల మా నాయన మంచం మీదున్నడు.” వాడు చెప్పింది తప్పని అప్పుడూ అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను. ఉమ్మేసి బస్సెక్కాడు.

నా సంచి దించారు, నా మాటలు తర్జుమా చేయడానికి వీణ గారు నాతో ఆగిపోయారు. బస్సు మలుపు తిరిగి పోయేదాకా చూశాను. ఛాతీ మీంచి ఏదో బరువు దిగినట్టయింది, గాలి లోపలికి పోతోంది, నిజం చెబితే ఇట్లా ఉంటుందా అనుకున్నాను. “మీ అమ్మగారికి మీరే చెప్తారా?” అంటూ వీణ గారు ఫోను చాపారు. “మీరే చెప్పుండ్రి మేడమ్,” అన్నాను, చెయ్యి వెనక్కి తీసుకుని. ఆ మాట నా నోట్లోంచి వచ్చిన వేగానికి నాకే తెలిసిపోయింది ఆ తేలిక దేనిదో. నిజం చెప్పినందుకు కాదు. రేపు ఆ తలుపుల దగ్గర ఆయన ముఖం చూడాల్సిన పని తప్పింది. శ్రీనాథ్ అనుకున్నంత మంచి కూడా నాలో లేదు. ఇస్త్రీ అంగీతో ఒక ముసలాయన నిలబడి నిలబడి, వచ్చినవాళ్లందరూ పోయాక, మా అమ్మ చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించుకుపోతాడు. అది కూడా నేను ఆయనకే అప్పగించాను.

లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి కొత్త ఫారం ఇచ్చారు. దీనిలో ప్రశ్నలు తక్కువ, ఖాళీ ఎక్కువ. ఎవరెవరిని మోసగించారు, పేర్లు రాయండి. వేలూరి రామచంద్రరావు, చిక్కడపల్లి, అని రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. పోలీసాయన ఏదో అడిగాడు, వీణ గారు తెలుగులో చెప్పారు, “ఇంకా ఎవరైనా ఉన్నారా అంటున్నారు.”

“ఉన్నరు.”

“పేర్లు?”

పెన్ను కాగితం మీద ఆగింది. మే సొత్ నుంచి ఇక్కడిదాకా వచ్చాను, కొండలు దిగాను, ఇన్ని చేలు చూశాను, దారంతా ఆయన ఒక్కరి గురించే ఏడ్చాను. ఆయన నన్ను గుర్తుపట్టారు కాబట్టి ఏడ్చాను. గుర్తుపట్టనివాళ్లు? రోజుకు ఎంతమంది, ఎన్ని రోజులు. మేడమ్ మేడమ్ అన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఉన్నారా? ఒక్క పేరు, ఒక్కటంటే ఒక్క పేరు గుర్తుకు రాలేదు. ప్రతి ఒక్కరి పేరూ ఫోనులో గట్టిగా చదివేదాన్ని, పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా.

“గుర్తులేకపోతే వదిలేయండమ్మా, లేదని రాయండి,” అన్నారు వీణ గారు మెల్లగా.

పేరు తెలియదు, అని రాశాను. ఆడమనిషి. నల్లకుంట అంది. వెనక కుక్కరు విజిల్ వేస్తుంటే కట్టేసి వస్తానని అడిగింది, కదలొద్దన్నాను. పేరు తెలియదు. మగమనిషి, దగ్గుతుండేవాడు, మందు వేసుకోవచ్చా అని అనుమతి అడిగాడు. పేరు తెలియదు. ఈమె నన్ను మేడమ్ అనలేదు, తల్లీ అంది, కూతురు పెళ్లికని దాచిందట. పేరు తెలియదు. పేరు తెలియదు. కాగితం అటువైపు కూడా నిండిపోయింది. ఇంకో కాగితం అడిగాను.